పాత చాకుకి కొత్త పిడి

మా అమ్మకి ఎనభై రెండేళ్లు. పోయిన ఏడాది నుంచి భువనగిరిలో నా దగ్గరే ఉంటోంది. పోచంపల్లి నుంచి వచ్చేటప్పుడు ఒక చీరల మూట, మందుల సంచీ, పాత రేకు డబ్బా తెచ్చుకుంది. ఆ డబ్బాలో ఏముందో నెల రోజుల దాకా ఎవరమూ చూడలేదు. ఒకరోజు మధ్యాహ్నం జామకాయ కోసి పెడదామని వంటింట్లోంచి కత్తి తెస్తుంటే, "గా కత్తి నాకొద్దు. డబ్బల నా చాకున్నది, తియ్యి" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. డబ్బా తెరిస్తే గుడ్డపీలికలో చుట్టి ఉన్నది నాన్న చాకు. మడత చాకు. మా ఇంట్లో అందరం దాన్ని 'నాన్న చాకు' అనే అనేవాళ్లం. ఆయన అంగీ జేబులో ఎప్పుడూ ఉండేది. మా పెన్సిళ్లు చెక్కినా, మామిడికాయ కోసినా దాంతోనే. నాన్న పోయి పన్నెండేళ్లయింది. ఆ తర్వాత చాకు సంగతి ఎవరికీ పట్టలేదు. 'నా చాకు' అని అమ్మ అంటే, పెద్ద వయసు కదా, మాట తడబడి ఉంటుందిలే అనుకున్నాను.

చాకు మాత్రం చూడబుద్ధి కాకుండా ఉంది. అలుగు తుప్పుతో బిగుసుకుపోయి తెరుచుకోనే లేదు. చాకు పిడికి రెండు పక్కలా రెండు పలకలుంటాయి కదా, వాటిలో ఒకటి ఎప్పుడో ఊడిపోయింది. దాని కింది ఇత్తడి రేకు పచ్చగా చిలుం పట్టింది. రెండో పలక నెర్రె విచ్చి, అంచులు పైకి లేచి, ముట్టుకుంటే కదులుతోంది.

హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఫోనులో చెప్తే నవ్వాడు. "యాభై రూపాయలిస్తే కొత్తది వస్తది అక్కా. అయినా ఈ వయసుల అమ్మకు చాకెందుకు? వేలు కోసుకుంటే ఎట్ల?" అన్నాడు. వాడి భయమూ తప్పు కాదు. అమ్మకి షుగరు ఉంది. చిన్న గాయమైనా ఓ పట్టాన మానదు. చేతులు కూడా కొంచెం వణుకుతాయి.

నేను డబ్బా మూసి పెట్టేశాను. అమ్మ మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి దాటవేసేదాన్నేమో. అడగకపోయేసరికే మనసు ఊరుకోలేదు.

కొలిమి దగ్గర

మా భువనగిరి అంటే అందరికీ గుర్తొచ్చేది ఒకే బండగా లేచిన గుట్ట, దాని మీది కోట. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదుగా ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. ఆ గుట్ట కింది వాడల్లో ఒకప్పుడు నాగలి కర్రులకీ, కొడవళ్లకీ జనం వరస కట్టేవారు. ట్రాక్టర్లు వచ్చాక కొలుములు ఒక్కొక్కటే చల్లారిపోయాయి. అడిగి అడిగి ఒక కమ్మరి పెద్దాయన్ని పట్టుకున్నాను. కొలిమి ఇంకా ఉంది కానీ, ఆయన కళ్లే మందగించాయి.

చాకుని చేత్తో తడిమి, "బర్రె కొమ్ము పిడి బిడ్డా ఇది" అన్నాడు. నమ్మకం కోసం సూదిని ఎర్రగా కాల్చి పలక లోపలి వైపు ఆనించాడు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. కొమ్మూ, గోరూ, వెంట్రుకా ఒకే పదార్థంతో అయినవి కనుక ఆ వాసన వస్తుంది. ప్లాస్టిక్ అయితే కరిగి ఘాటు కొడుతుంది. ఒక మాట ఇక్కడే చెప్పాలి. పాత చాకులకి దుప్పి కొమ్ము పిడి కూడా ఉండేది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అలాంటి కొమ్ము అమ్మడం, కొనడం నేరం. కాబట్టి బాగు చేయించేటప్పుడు 'అచ్చం అలాంటిదే కావాలి' అని వెతకబోవద్దు.

బర్రె కొమ్ముకి ఒక గుణం ఉంది. ఏళ్ల తరబడి ఎండకి ఆరితే కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది. మేకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందువల్లే మేకు దగ్గర నెర్రె విచ్చి పలక లేచిపోతుంది. మా చాకుకి జరిగింది అదే.

"కొత్త మిషను రాయి మీద పెట్టి మెరిపియ్యరాదా తాతా?" అని అడిగాను.

"వద్దు బిడ్డా. వేడికి అలుగు నీలం తిరిగితే పానం పోయినట్టే" అన్నాడు.

ఆ మాట వెనకున్న సంగతి ఇది. చాకు ఉక్కుని ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ సన్నని వేడి చూపిస్తేనే దానికి గట్టిదనం వస్తుంది. కరెంటు సాన మీద ఒత్తి పెడితే పలచని అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. వేడి 300 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఉక్కు నీలంగా మారుతుంది. ఆ గట్టిదనం సడలిపోతుంది. తర్వాత ఎంత పదును పెట్టినా నాలుగు రోజులు నిలవదు.

పెద్దాయన ఇరుసు మేకు దగ్గర నూనె వేసి, కాసేపు ఆగి, అలుగుని మెల్లగా కదిలించి తెరిచాడు. పిడి వీపున ఉండే స్ప్రింగు పట్టీని నొక్కి చూశాడు. మడత చాకులో ప్రాణమంతా ఆ పట్టీలోనే ఉంటుంది. తెరిచినప్పుడు అలుగు టక్కున నిలబడాలన్నా, వేళ్ల మీదికి మూసుకుపోకుండా ఉండాలన్నా అది బిగువుగా ఉండాలి. "పట్టీ మంచిగున్నది. ఇరుసు జోలికి పోవద్దు. పలకలు నువ్వే పెట్టుకో, నాకు కండ్లు కనపడ్తలేవు" అని నా చేతిలో పెట్టాడు. పలక మేకుల తలలు మాత్రం ఆకురాయితో అరగదీసి, పాత పలకని విరగకుండా తీసి ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు.

'నువ్వే పెట్టుకో' అన్నంత సులువా అనుకున్నాను. చేసి చూశాక తెలిసింది, కుట్టుపని, అల్లికపని వచ్చిన ఏ చేతికైనా ఇది రాని పని కాదు.

తుప్పు వదిలించాను ఇలా

కిరసనాయిలుకి బదులు కుట్టుమిషను నూనె వాడాను. అలుగు మీద నూనె రాసి ఒక రాత్రంతా వదిలేసి, మర్నాడు సన్నని ఇనుప పీచుతో అలుగు పొడవునా ఒకే దిక్కుగా రుద్దాను. ఎర్రటి తుప్పు మూడు విడతల్లో పోయింది. కింద నల్లటి మచ్చలు మిగిలాయి. వాటిని గీకలేదు. ఎర్ర తుప్పు పొరలు పొరలుగా లేచి తేమని పట్టుకుని ఇనుముని ఇంకా తింటుంది. నల్లని పొర అలా కాదు, గట్టిగా అంటుకుని ఉండి కింది ఉక్కుకి కాస్త కాపుదలే ఇస్తుంది.

ఇత్తడి రేకులకి మాత్రం మన చింతపండే మందు. ఉక్కుకి తగలకుండా గుడ్డతో అద్ది తుడిచి, తడిగుడ్డతో మళ్లీ తుడిచి, వెంటనే ఆరబెట్టాను. చింతపండు పులుపు ఉక్కు మీద నిలిస్తే అలుగు బూడిదరంగుకి మారి గుంటలు పడుతుంది.

ఆసు చెక్క

పలకలకి చెక్క కావాలి. టేకు అనుకున్నాను, జిట్రేగి అనుకున్నాను. అమ్మ మాత్రం, "అటక మీద ఇరిగిన ఆసు ఉండె గదా, గది పనికిరాదా?" అంది.

ఆసు అంటే తెలియనివారికి చెప్తాను. పోచంపల్లి చీరలో రంగుల బొమ్మ రావాలంటే, నేయకముందే నూలుకి అక్కడక్కడా గట్టి కట్లు కట్టి రంగులో ముంచాలి. అలా కట్టడానికి ముందు దారాన్ని ఒక మేకు నుంచి అర్ధచంద్రంలా ఉన్న మేకుల వరసకి, మళ్లీ వెనక్కి, అటూ ఇటూ పోయాలి. ఆ చట్రమే ఆసు. పోసేది ఇంటి ఆడవాళ్లే. ఒక చీరకి చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు పోసే యంత్రాన్ని తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చాక ఎన్నో ఇళ్లలో చేతి ఆసులు అటకెక్కాయి. మాదీ అలాంటిదే.

అటక మీది ఆసుని చెదలు తిన్నది తినగా, ఒక్క అడ్డకర్ర గట్టిగా మిగిలింది. నల్లతుమ్మ. మన నల్లగొండ వైపు నాగళ్లకీ, గొడ్డలి కామలకీ వాడేది ఈ చెక్కే. బరువు, గట్టిదనం ఎక్కువ. నలభై ఏళ్లు ఇంట్లోనే ఆరిన చెక్క కనుక ఇక కుంచించుకుపోయే భయం లేదు. పచ్చి చెక్కతో పలక వేస్తే కొమ్ముకి పట్టిన గతే పడుతుంది.

మా వీధి వడ్రంగి అతను ఆ కర్రని నిలువునా చీల్చి 4 మిల్లీమీటర్ల మందాన రెండు ముక్కలు కోసి ఇచ్చాడు. ఒకే ముక్కని చీల్చి పుస్తకంలా తెరిస్తే రెండు పక్కలా చార ఒకేలా వస్తుంది. పైన బూడిదరంగులో ఉన్న కర్ర లోపల ఎర్రగా, ఇంగువ రంగులో ఉంది.

గుంట ఏ పక్కన?

పాత కొమ్ము పలకని అచ్చుగా పెట్టి కొత్త చెక్క మీద పెన్సిలుతో గీస్తున్నప్పుడు నా వేలు ఒక గుంటలోకి జారింది. పలక నడుమ, కాస్త ముందుకి, బొటనవేలు సరిగ్గా పట్టేంత గుంట. అరిగి అరిగి పడినది. సరదాకి చాకుని కుడిచేత్తో పట్టుకుని చూశాను. బొటనవేలు గుంటలో కూర్చోలేదు. అసలు ఆ పక్కకే రాలేదు.

మీరూ వంటింటి కత్తి పట్టుకుని చూడండి. మొన ముందుకి, పదును కిందికి పెట్టి కుడిచేత్తో పట్టుకుంటే బొటనవేలు పిడికి ఎడమ పక్కన ఆనుతుంది. ఈ గుంట కుడి పక్క పలక మీద ఉంది. అంటే ఆ చాకుతో ఏళ్ల తరబడి పని చేసిన మనిషిది ఎడమచేతి వాటం.

నాన్న కుడిచేతి మనిషి. మా ఇంట్లో పుర్రచెయ్యి అమ్మదొక్కతిదే. చిన్నప్పుడు కొట్టి కొట్టి అన్నం తినడం మాత్రం కుడిచేతికి మార్పించారట. పని మాత్రం ఎడమచేత్తోనే చేసేది.

పలక తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను. "ఈ చాకు ఎవరిదమ్మా?" అన్నాను.

"జెప్తి గద, నాదని. గుట్ట జాతరల కొన్న. ఆసు పోసిన పైసలతోని."

"మరి నాన్న జేబుల ఎందుకుండె?"

అమ్మ నా వైపు వింతగా చూసింది. "నా చీరకు జేబున్నదా బిడ్డా? బొడ్ల చెక్కుకుంటే ఆసు కాడ వంగినప్పుడల్లా కుచ్చుకునేది. మీ నాయిన అంగీకి రెండు జేబులు. ఆయన జేబుల ఉండేది గని, పని జేసింది నేనే."

నాకు ఇల్లంతా కళ్ల ముందు తిరిగింది. కట్లు కట్టడానికి పాత సైకిలు ట్యూబుని సన్నని పట్టీలుగా కోసేది అమ్మ. రంగు ఆరాక ఆ కట్లు తెంపేదీ అమ్మే. మొన ఒక్క నూలుపోగు పక్కకి జరిగితే దారం తెగిపోతుంది. అందుకే పొద్దున్నే గడప రాయి మీద చాకు నూరుకునేది. రోజుకి పదిసార్లు మగ్గం వైపు చెయ్యి చాపి, "ఇగో, జర చాకియ్యి" అనేది. నాన్న జేబులోంచి తీసి ఇచ్చేవాడు. పని అయిపోగానే మళ్లీ ఆయన జేబులోకే పోయేది. తన వస్తువుని తానే అడిగి తీసుకుంటోందని పిల్లలం మాకెవరికీ తట్టలేదు. నాన్న ఎన్నడూ 'నాది' అనలేదేమో కూడా. జేబు ఆయనది కనుక చాకు కూడా ఆయనదే అని మేమే అనేసుకున్నాం.

పలకలు అతికించాను

ఆ రోజు నుంచి పని ఇంకాస్త శ్రద్ధగా చేశాను. అలుగుని మూసి దారంతో చుట్టి కట్టేశాక గానీ పిడి మీద చెయ్యి వేయలేదు. పలకల్ని గీత కన్నా అర మిల్లీమీటరు పెద్దగా కోసి, ఆకురాయితో అరగదీసి, రెండు కొసల్లో ఉన్న ఇత్తడి టోపీల మధ్య సరిగ్గా ఇరుక్కునేలా సరి చేసుకున్నాను. రేకులో ఉన్న పాత బెజ్జాలకి సరిగ్గా ఎదురుగా చెక్కలో సన్నని బెజ్జాలు వేశాను.

మేకు కొట్టి బిగించాలంటే చాకు మొత్తం విప్పాలి. దెబ్బ తప్పితే చెక్క కూడా పగులుతుంది. అందుకని ఆరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు వాడి, బెజ్జాల్లో ఇత్తడి తీగ ముక్కలు దిగేసి, పైకి వచ్చినంత మేర ఆకురాయితో అరగదీశాను. జిగురు పెట్టే ముందు రేకుని గరుకు కాగితంతో గీరి స్పిరిటుతో తుడవాలి. నూనె చుక్క ఉన్నా జిగురు పట్టదు. ఇరుసు దగ్గర, పట్టీ అంచున మాత్రం అగ్గిపుల్లతో కాస్త వాజలీను పూయాలి, జిగురు కారినా అక్కడ అంటుకోకుండా. ఒక రాత్రి, ఒక పగలు గుడ్డతో బిగించి కట్టి వదిలేశాను.

తర్వాత గరుకు కాగితం, ముందు ముతకది, ఆ పైన సన్నది. తుమ్మ పొట్టు ముక్కులోకి పోతే తుమ్ములే తుమ్ములు. మూతికి గుడ్డ కట్టుకోవాలి. చివర కుడి పలక మీద పాత పలకని పక్కన పెట్టుకుని, కొలిచి, అదే చోట అంతే గుంట తీశాను. అరిగి అరిగి దానంతట అది పడాల్సిన గుంట అది. కానీ అమ్మకి ఇంకో నలభై ఏళ్లు టైము లేదు కదా.

అలుగు నూరేటప్పుడు ఒక కొలత గుర్తుంచుకున్నాను. అలుగు వెడల్పు సెంటీమీటరున్నర అయితే, వీపు రాయి మీద నుంచి అర సెంటీమీటరు పైకి లేచి ఉండాలి. రెండు పక్కలా అదే వాలు. మొన గుండ్రంగా చేద్దామా అని అమ్మని అడిగాను, వేలు తెగుతుందేమోనని. "మొన లేకుంటే చాకెందుకు, చెంచా ఇయ్యి" అంది. తమ్ముడి మాట గుర్తొచ్చింది. అయినా మొన ముట్టుకోలేదు. మొద్దు కత్తితో బలం పెట్టి కోసినప్పుడే చెయ్యి జారి తెగుతుంది. పదునున్న దానితో ఆ బలం అక్కరలేదు. మొదటి వారం మాత్రం పక్కనే కూర్చున్నాను.

మీ ఇంట్లోనూ పాత చాకుంటే

అటక మీదో, పూజగదిలో మూలనో మీ ఇంట్లో కూడా అడకత్తెరో, చాకో ఉండే ఉంటుంది. బాగు చేసుకోవాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి.

- తెరిచినప్పుడు అలుగు గట్టిగా నిలబడకపోతే, పిడి మార్చినా దాన్ని పనికి వాడకండి. దాచుకోండి.

- చెక్క మీద కొబ్బరినూనె, ఆముదం పూస్తే ఎప్పటికీ జిడ్డుగానే ఉంటాయి. అవిసెనూనె గాలికి ఆరి గట్టిపడుతుంది. పలచగా పూసి, తుడిచి, బాగా ఆరనిచ్చి మళ్లీ పూయండి. పూసిన గుడ్డని మాత్రం ఉండ చుట్టి పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి గుడ్డ అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట ఆరేయండి.

- పాత అలుగులు స్టెయిన్‌లెస్ కావు. నిమ్మకాయ, మామిడికాయ కోసిన వెంటనే కడిగి పొడిగా తుడవాలి. పండ్లు కోసే అలుగుకి కొబ్బరినూనె చుక్క చాలు. ఇరుసుకి కుట్టుమిషను నూనె.

- ఊడదీసిన పాత పలకల్ని పారేయకండి. మీ ఇంటి సంగతి ఏదైనా వాటి మీదే ఉండొచ్చు.

మొత్తం ఖర్చు మూడు వందలు దాటలేదు. చాకు పూర్తయిన రోజు అమ్మ మంచం మీద కూర్చుని దాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. బొటనవేలు వెతుక్కోకుండానే గుంటలో కూర్చుంది. జామకాయ నాలుగు ముక్కలు కోసి, నాకొకటి ఇచ్చి, "పదును ఇంకా రాలే. రేపు గడప మీద నేను నూర్త" అంది. మా ఇంటి గడప చెక్కది. అందుకని బజారుకి వెళ్లి ఒక సానరాయి కొనుక్కొచ్చాను.

ఇప్పటిదాకా ఒక్కసారి గోరు కొస తెగింది. రక్తం రాలేదు. తమ్ముడికి చెప్పలేదు.

మిగిలిపోయిన పోచంపల్లి గుడ్డముక్కతో చిన్న జేబు కుట్టి, రెండు నాడాలు పెట్టి అమ్మ మంచం కోడుకి కట్టాను. చాకు అందులోనే ఉంటుంది. నాకు కొత్తిమీర కట్ట దారం తెంపడానికో, పాల ప్యాకెట్టు మూల కోయడానికో కావాల్సి వస్తే, అమ్మ దగ్గరికి వెళ్లి, "జర చాకియ్యి అమ్మా" అని అడిగి తీసుకుంటున్నాను.